పుట్టినరోజుకి ఆర్మీ పార్టీ కావాలట!

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది విజయవాడ. మా బాబుకి ఈ డిసెంబరు 7న ఎనిమిదేళ్ళు నిండుతాయి. ఆదివారం పడింది కాబట్టి క్లాసు పిల్లలు, అపార్ట్‌మెంట్ పిల్లలు కలిపి ఓ పద్నాలుగు మందిని పిలుద్దామనుకుంటున్నాం. నిరుడు డైనోసార్లు అన్నాడు, ఈసారి 'ఆర్మీ బర్త్‌డే' కావాలట. మావారు అప్పుడే ఆన్‌లైన్‌లో పదిహేను బొమ్మ తుపాకులు ఆర్డర్ పెట్టేశారు, మిలిటరీ డ్రెస్సులు కూడా చూస్తున్నారు. మా అత్తగారు 'పుట్టినరోజు పూట ఇంట్లో తుపాకులేంటి, అశుభం' అని ముఖం ముడుచుకున్నారు. మా మామగారు ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన మాత్రం ఏమీ అనడం లేదు, నాకు అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. బాబేమో తాతయ్య మెడల్స్ పెట్టుకుని కేక్ కోస్తానంటున్నాడు. వచ్చే పిల్లల్లో ఒక పాప వాళ్ళ నాన్న ఇప్పుడు జమ్మూలో డ్యూటీలో ఉన్నారు. ఆ పాప ముందు ఈ ఆటలు బాగుంటాయా? ఈవెంట్ వాళ్ళని అడిగితే ట్యాంకు కటౌట్, పొగ, బాంబుల సౌండ్ అని చెప్పి పాతిక వేలు అడిగారు. అంత పెట్టలేం. ఈ థీమ్ వద్దని వాడికి నచ్చజెప్పాలా? పెడితే ఎలా పెట్టాలి?

— ఒక అమ్మ, విజయవాడ

సమాధానం: నచ్చజెప్పకండి, పెట్టండి. తాత ఫౌజీ అయిన ఇంట్లో మనవడు ఆర్మీ అనక ఇంకేమంటాడు? ఈవెంట్ వాళ్ళకి మాత్రం థ్యాంక్స్ చెప్పి పంపేయండి. వాళ్ళు చెప్పిన మూడింటిలో ఒక్కటి కూడా మీకు అవసరం లేదు.

ముందు తుపాకుల సంగతి తేల్చుకుందాం. బొమ్మ తుపాకీ పట్టుకుంటే పిల్లాడు పాడైపోతాడని నేననను. దీపావళికి రీలు తుపాకీ పట్టకుండా పెరిగినవాళ్ళు మనలో ఎంతమంది? తుపాకీ కొనివ్వకపోతే స్కేలుతోనో చీపురుపుల్లతోనో కాల్చుకుంటారు. నా అభ్యంతరం వేరే. పద్నాలుగు మంది పిల్లల చేతుల్లో పద్నాలుగు తుపాకులు పెడితే మొదటి ఐదు నిమిషాలు ఢిష్యూం ఢిష్యూం. ఆ తర్వాత 'నేను కాల్చాను కదా, నువ్వు చచ్చిపోవేంటి?' అని తగువు. ఇంకాసేపటికి ఒకడు ఏడుస్తూ వాళ్ళమ్మ ఒళ్ళోకి చేరతాడు. ఆ ఆట అక్కడితో అయిపోతుంది, మీకేమో ఇంకా రెండు గంటలు గడవాలి. పైగా మీరు ఆర్డర్ పెట్టినవి ప్లాస్టిక్ గుళ్ళు కొట్టేవో, నీళ్ళలో నానబెట్టి వాడే జెల్ గుళ్ళవో అయితే ఇంకో మాట లేకుండా వెనక్కి పంపేయండి. అవి కంటికి తగిలితే చూపుకే ప్రమాదం. పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. డబ్బా మీద అది లేకపోతే బొమ్మ ఏదైనా సరే ఇంట్లోకి రానివ్వకండి.

మీవారితో ఈ మాట చెప్పేటప్పుడు 'మీ అమ్మగారు వద్దన్నారు' అని మొదలుపెట్టకండి. అలా మొదలైతే అది తుపాకుల గొడవగా ఉండదు. ఖర్చు లెక్క చెప్పండి చాలు. ఆ పదిహేను తుపాకుల డబ్బుతో కింద చెప్పబోయే సామానంతా వస్తుంది.

ఇక మీవాడికి ఆర్మీలో ఏం నచ్చిందో ఒకసారి కూర్చోబెట్టి అడిగి చూడండి. ఈ వయసు పిల్లలు చెప్పే జవాబులు ఇంచుమించు ఒకటే. అందరూ ఒకేసారి కాలు కదపడం, ముఖానికి రంగు పూసుకోవడం, పాకుతూ వెళ్ళడం, సీక్రెట్ మిషన్, కోడ్ భాష, 'యస్ సార్' అని గట్టిగా అరవడం. ఇందులో తుపాకీ లేకుండా కుదరనిది ఏదైనా ఉందా చూడండి. పార్టీ అంతా వీటి చుట్టూ అల్లండి. ఎవరిని కాల్చాలన్నది కాదు, ఏ పని చేసి రావాలన్నది ఆటకి ముడిసరుకు కావాలి.

డ్రెస్సుల విషయంలో కొంచెం జాగ్రత్త. వచ్చే పిల్లలందరికీ మిలిటరీ డ్రెస్సు వేసి పంపమని ఇన్విటేషన్‌లో రాయకండి. ఒక్క సాయంత్రం కోసం ఎనిమిదొందలో వెయ్యో పెట్టించడం ఎదుటి తల్లిదండ్రులకి ఇబ్బంది. 'ఆకుపచ్చ, ఖాకీ, గోధుమ, వీటిలో ఏ రంగు టీషర్టయినా సరే, కాళ్ళకి బూట్లు' అని రాస్తే సరిపోతుంది. ఇక మీవాడి డ్రెస్సు. 2022 జనవరి 15న ఆర్మీ డే పరేడ్‌లో మన సైన్యం కొత్త కంబాట్ యూనిఫామ్ బయటపెట్టింది కదా, చిన్న చిన్న చదరాల డిజిటల్ ప్రింటు. ఆ డిజైన్ మీద హక్కులు సైన్యం పేరున రిజిస్టరై ఉన్నాయి. బయట కొట్లలో అమ్మడానికి అనుమతి లేదు. 2016లో పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్ మీద ఉగ్రవాదుల దాడి తర్వాత కూడా, సైన్యం వాడే ప్రింటు బట్టలు మామూలు జనం వేసుకోవద్దని, కొట్లవాళ్ళు అమ్మొద్దని సైన్యమే కోరింది. చట్టం కూడా ఒకటుంది. సైనికుడిననిపించుకోవాలన్న ఉద్దేశంతో సైనికుల దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. ఎనిమిదేళ్ళవాణ్ణి చూసి ఎవరూ జవాను అనుకోరు కాబట్టి మీవాడి మీద కేసేం పడదు, కంగారు పడకండి. అయినా అచ్చం అసలు యూనిఫామ్‌లా ఉండేది, భుజాల మీద స్టార్లు, రెజిమెంట్ బ్యాడ్జీలు, పేరు పట్టీ అన్నీ కుట్టినది ఎందుకు? ఆ ర్యాంకు చిహ్నం విలువ ఎంతో మీ ఇంట్లోనే ఒకాయనకి తెలుసు. ఆయన కళ్ళ ముందు మనవడు జనరల్ స్టార్లు పెట్టుకుని తిరిగితే ఆయన ఏమీ అనకపోవచ్చు, కానీ మీరు చెప్పిన ఆ మౌనం ఇంకాస్త పెరుగుతుంది. సాదా ఆలివ్ గ్రీన్ టీషర్టు, కార్గో ప్యాంటు, నెత్తిన ఓ టోపీ. బుగ్గల మీద రెండు చారలు ఫేస్ పెయింట్, అదీ ముందు రోజు మోచేతి దగ్గర కొంచెం రాసి దద్దుర్లు రావడం లేదని చూసుకున్నాకే.

మన దగ్గర ఈ థీమ్ అనగానే జెండా కూడా వచ్చేస్తుంది. కేక్ మీద జెండా, పేపర్ ప్లేట్ల మీద జెండా, నాప్‌కిన్ల మీద జెండా. జాతీయ జెండాని నాప్‌కిన్లు, చేతి రుమాళ్ళలాంటి వాటి మీద అచ్చు వేయకూడదు, తోరణంలా డెకరేషన్‌కి వాడకూడదు. 1971 నాటి చట్టంలోనూ 2002 నాటి ఫ్లాగ్ కోడ్‌లోనూ ఇవి స్పష్టంగా ఉన్నాయి. ప్లాస్టిక్ జెండాలు అసలే వద్దు. కేక్ విషయంలో మాత్రం ఒక ముచ్చట. 2013లో కోయంబత్తూరులో క్రిస్మస్ వేడుకకి త్రివర్ణ రంగుల్లో భారతదేశ పటం వేసిన పెద్ద కేక్ కోశారని కేసు పెడితే, 2021లో మద్రాసు హైకోర్టు అది జెండాని అవమానించడం కాదని ఆ కేసు కొట్టేసింది. కాబట్టి కేక్ కోస్తే జైలుకి వెళ్తారని ఎవరైనా బెదిరించినా భయపడక్కర్లేదు. అయినా పార్టీ అయ్యాక ఆ ప్లేట్లన్నీ క్రీము పూసుకుని చెత్తబుట్టలోకే వెళ్తాయి కదా. ఒకసారి అది ఊహించుకుంటే చట్టం సంగతి మనకి అక్కర్లేదు.

మరి డెకరేషన్‌కి ఏ రంగులు? ఇక్కడ మీకు తేదీయే కలిసొచ్చింది. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు విరాళం ఇచ్చినవాళ్ళకి చిన్న టోకెన్ జెండా ఇస్తారు. అది ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల్లో ఉంటుంది, మూడు రంగులూ మూడు దళాలకి. బెలూన్లు, కాగితం తోరణాలు ఆ మూడు రంగుల్లో కట్టండి. సైన్యం ఎరుపు, నేవీ ముదురు నీలం, ఎయిర్‌ఫోర్స్ లేత నీలం అని పిల్లలకి వచ్చీ రాగానే చెప్పేస్తే ఆటల్లో ఉపయోగపడుతుంది. వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లకి ఒక పూట వెళ్తే ఇవన్నీ దొరుకుతాయి. వెనకాల ఆకుపచ్చ దుప్పటి ఒకటి కట్టి, 'బేస్ క్యాంప్' అని చార్టు మీద మీవాడి చేతే రాయించండి. అక్షరాలు వంకరగా వస్తే రానివ్వండి. గ్యాస్ బెలూన్లు వద్దు, చాలా చోట్ల వాటిలో హైడ్రోజనే నింపుతారు, కొవ్వొత్తి దగ్గరికి వస్తే భగ్గుమంటాయి. నురగ స్ప్రే కూడా అంతే, కేక్ చుట్టూ అసలు కొట్టనివ్వకండి.

ఆటలు సెల్లార్‌లో పెట్టుకోండి. డాబా మీద పెడదామని ఎవరైనా అంటారు, పద్నాలుగు మంది పరిగెత్తే చోట పిట్టగోడని నమ్ముకోలేం. సెల్లార్‌లో కార్లు ఓ మూడు గంటలు బయట పెట్టమని ఫ్లాట్లవాళ్ళని రెండు రోజుల ముందే అడగండి. వాచ్‌మన్‌కి చెప్పి ర్యాంపు దగ్గర తాడు కట్టించండి, ఆ టైములో ఒక్క బండి కూడా లోపలికి రాకూడదు. నేల మీద ఆయిల్ మరకలు, సన్న కంకర ఉంటాయి కాబట్టి పొద్దున్నే కడిగించండి. డిసెంబరులో ఐదున్నర దాటితే చీకటి పడిపోతుంది, అందుకే పిల్లల్ని నాలుగింటికల్లా రమ్మనండి.

రాగానే గేటు దగ్గర ఒక బల్ల వేసి 'రిక్రూట్‌మెంట్' పెట్టండి. అట్టముక్కలతో చేసిన ఐడీ కార్డు, దాని మీద పిల్లవాడు తనే ఎంచుకున్న కోడ్ పేరు, స్టాంపు ప్యాడ్‌తో వేలిముద్ర. టేపుతో ఎత్తు కొలిచి రాయండి, వాళ్ళకి అదో సరదా. బరువు మాత్రం తూచకండి. కాస్త బొద్దుగా ఉన్న పిల్లలకి అక్కడే మూడ్ పోతుంది. కార్డు అయ్యాక రెండు సెక్షన్లుగా విడగొట్టండి. పేర్లు కృష్ణ, గోదావరి అని పెట్టుకోండి, లేదా వాళ్ళనే పెట్టుకోమనండి. ప్రతి ఆటకీ సెక్షన్ కమాండర్ మారాలి. లేకపోతే పుట్టినరోజు పిల్లాడు ఒక వైపు, గట్టిగా అరిచే ఇంకో పిల్లాడు మరో వైపు సాయంత్రమంతా కమాండర్లుగా ఉండిపోతారు.

మొదటి ఆట డ్రిల్. మన సైన్యంలోనూ ఎన్‌సీసీలోనూ ఆర్డర్లు హిందీలో ఇస్తారు కదా: సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, కదమ్ తాల్, థమ్. ఓ నాలుగు నేర్పితే చాలు. విజిల్ ఊదాక ఇచ్చిన ఆర్డరే పాటించాలి, విజిల్ లేకుండా ఇస్తే కదలకూడదు. తప్పు చేసినవాళ్ళని అవుట్ చేసి పక్కన కూర్చోబెట్టకండి. ఫౌజీలు పనిష్‌మెంట్‌ని 'రగడా' అంటారు. తప్పుచేస్తే ఐదు కప్పగంతుల రగడా అని పెట్టండి. కాసేపటికి కావాలని తప్పులు చేసి గంతులు వేస్తారు, చూస్తూ ఉండండి.

దాని వెంటే సెల్యూట్ ఆట. మూడు దళాల సెల్యూట్లూ ఒకటి కాదని చాలామంది పెద్దవాళ్ళకే తెలియదు. ఆర్మీవాళ్ళు అరచెయ్యి ఎదుటివాళ్ళకి కనిపించేలా పెడతారు. నేవీలో అరచెయ్యి నేలవైపు ఉంటుంది. ఓడ మీద తాళ్ళు లాగి, తారు అంటుకుని మురికైన చేతులు పై అధికారికి కనిపించకూడదని అలా మొదలైందంటారు. ఎయిర్‌ఫోర్స్‌లో రెండింటికీ మధ్యస్థంగా, 45 డిగ్రీల వాలులో ఉంటుంది, 2006లో అలా మార్చుకున్నారు. మీరు ఎర్ర బెలూన్ ఎత్తితే ఆర్మీ సెల్యూట్, ముదురు నీలం ఎత్తితే నేవీ, లేత నీలం ఎత్తితే ఎయిర్‌ఫోర్స్. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచండి. ఖర్చు సున్నా, పది నిమిషాలు నవ్వులే నవ్వులు. పెద్దవాళ్ళని కూడా లైన్లో నిలబెట్టండి, వాళ్ళే ఎక్కువ తప్పులు చేస్తారు.

అడ్డంకుల దారి ఇంట్లో సామానుతోనే అయిపోతుంది. రెండు వరసల కుర్చీల మధ్య పాత నైలాన్ చీర మోకాలెత్తున కట్టి, దానికి నాలుగు మువ్వలు కట్టండి. కింద జంపఖానా పరచండి, మోచేతులు గీసుకుపోకుండా. చప్పుడు కాకుండా చీర కింద పాకి అవతలికి వెళ్ళాలి, మువ్వ మోగితే మళ్ళీ మొదటికి. ఆ తర్వాత మెకానిక్ షాపులో అడిగి తెచ్చిన పాత టైర్లు రెండు, ఒకదాంట్లో ఒక కాలు వేస్తూ దాటాలి. చివర సుద్దముక్కతో గీసిన సన్న గీత మీద నీళ్ళు నింపిన మగ్గు తొణక్కుండా తీసుకెళ్ళి బకెట్లో పోయాలి. మువ్వల దగ్గర ఎంత గోల పిల్లలైనా ఊపిరి బిగబట్టి పాకుతారు. ఆ రెండు నిమిషాల నిశ్శబ్దం మీకు సాయంత్రం మొత్తంలో మళ్ళీ దొరకదు, ఫోటోలు అప్పుడే తీసుకోండి.

అసలు మిషన్‌కి శత్రువు పేరు పెట్టకండి. ముఖ్యంగా ఏ దేశం పేరూ వద్దు. పిల్లల్లో ఎవరో ఒకరు టీవీలో విన్నది అందుకుని అరుస్తారు, అప్పుడు 'మన మిషన్ అది కాదు' అని ఒక్క మాట చెప్పి ఆటలో పడేయండి. మీ ఊరివాళ్ళకి మిషన్ కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు హెలికాప్టర్ల నుంచి ఆహారం పొట్లాలు దించడం మీ పిల్లలు చూసో వినో ఉంటారు. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. ఆ వరద సాయమే మిషన్. సెల్లార్‌లో పన్నెండడుగుల వెడల్పున సుద్దతో ఏరు గీయండి. ఒక్కో సెక్షన్‌కి మూడేసి అట్టముక్కలు ఇవ్వండి, అవే పడవలు. ఒకటి వేసి దాని మీద నిలబడి, వెనకది తీసి ముందు వేసుకుంటూ దాటాలి. అవతలి ఒడ్డుకి చేర్చాల్సినవి పది బిస్కెట్ ప్యాకెట్లు, నాలుగు నీళ్ళ సీసాలు, టవల్లో చుట్టిన ఒక దిండు. ఆ దిండు నడవలేని ముసలమ్మ అని చెప్పండి. కాలు జారి నేల మీద పడితే ఆ ప్యాకెట్ తడిసిపోయినట్టే, వెనక్కెళ్ళి ఇంకోటి తెచ్చుకోవాలి. ముసలమ్మని మాత్రం కింద పడేయకూడదు, పడేస్తే సెక్షన్ మొత్తం మొదటికి. ఎంత రౌడీ పిల్లలైనా ఆ దిండుని చంటిబిడ్డని మోసినట్టు మోస్తారు.

పొట్లాలు ఎక్కడ దాచారో ముందు కనిపెట్టాలి కదా, దానికి కోడ్ భాష. ఇంగ్లిష్ కోడ్‌లు అక్కర్లేదు, మన క-భాష ఉంది. ప్రతి అక్షరం ముందూ 'క' చేర్చడమే. 'కమెకట్ల కకింకద' అని చీటీ రాస్తే 'మెట్ల కింద' అని విప్పుకోవాలి. తెలుగు చదవడంలో వెనకబడిన ఇంగ్లిష్ మీడియం పిల్లలకి కాస్త కష్టం, అందుకే ప్రతి సెక్షన్‌లో తెలుగు బాగా చదివేవాళ్ళు ఒకరైనా ఉండేలా ముందే చూసుకోండి.

ఆడపిల్లల్ని నర్సులుగా, వంటవాళ్ళుగా పక్కన పెట్టకండి. మీరు పెట్టరులెండి, పిల్లలే పెట్టేస్తారు. సైన్యానికి ఆఫీసర్లని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో 2022 నుంచి అమ్మాయిల్ని కూడా చేర్చుకుంటున్నారు, 2025 మేలో మొదటి బ్యాచ్ పదిహేడు మంది పాసై బయటికొచ్చారు. ఎవడైనా 'గర్ల్స్ కమాండర్ కాకూడదు' అంటే వాడి కమాండర్‌గా ఒక అమ్మాయినే వేయండి, సరిపోతుంది.

ఇప్పుడు మీ మామగారు. ఆయన మౌనాన్ని కోపం అనుకుంటున్నారు మీరు. అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు. సర్వీసులో ఏళ్ళు గడిపి వచ్చినవాళ్ళు చాలామంది ఇంట్లో ఆ కబుర్లు ఎత్తరు. పార్టీ గురించి ఆయన్ని అనుమతి అడిగినట్టు అడగకండి. 'మీ ఇష్టం' అంటారు, మీరు మళ్ళీ అక్కడే ఉంటారు. ఒక పని అప్పగించండి. డ్రిల్ నేర్పేవాళ్ళని ఫౌజీలు ఉస్తాద్ అంటారు. 'మామయ్యా, ఆదివారం సాయంత్రం పిల్లలకి సావధాన్, విశ్రామ్ చెప్పించడానికి ఉస్తాద్ కావాలి, నాకు ఆ ఆర్డర్లు సరిగ్గా పలకడం రాదు' అనండి. అబద్ధం కూడా కాదు కదా. లేదా దుప్పటి మడత ఆయన చేత చూపించండి. బ్యారక్‌లో పొద్దున్నే దుప్పటి నాలుగు మూలలూ కలిసి, అంచులు కత్తితో కోసినట్టు మడవాలి. ఆయన చేతులకి అది ఇంకా గుర్తుండే ఉంటుంది. పిల్లలకి తలో తువ్వాలు ఇచ్చి అలాగే మడవమంటే పోటీ పడి మడుస్తారు. మర్నాడు ఇంటికెళ్ళి కూడా మడిచారని వాళ్ళ అమ్మలు మీకు ఫోన్ చేస్తారు. ఆయన వద్దంటే రెండోసారి అడగకండి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి, అంతే.

ఒకటి మాత్రం ముందే సర్దుకోవాలి. పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా 'తాతయ్యా, మీరు ఎంతమందిని చంపారు?' అని అడుగుతారు. వాళ్ళకి అది క్రికెట్‌లో ఎన్ని సిక్సులు కొట్టావని అడగడమే. ఆయన పక్కన మీవారిని ఉంచి, ఆ ప్రశ్న రాగానే 'మీ మంచు కబురు చెప్పండి నాన్నా' అనో, 'అక్కడ నీళ్ళు గడ్డకడితే ఎలా తాగేవాళ్ళు?' అనో మాట మళ్ళించమనండి. ఆయన ఎక్కడ పనిచేశారో దాన్ని బట్టి చలి, ఎండ, ఉత్తరాలు, తిండి, వీటిలో ఏదో ఒకటి ఎత్తించండి.

మెడల్స్ గురించి మీవాడికి మీరు చెప్పొద్దు. తాతయ్యనే అడగమనండి. 'ఇది ఎందుకిచ్చారు?' అని ఒక్కో మెడల్ పట్టుకుని అడిగే అవకాశం వాడికి పార్టీకన్నా ముందే రానివ్వండి. చూడనిస్తారా, చేతికిస్తారా, తానే పెట్టుకుని పక్కన నిలబడతారా అన్నది ఆయన ఇష్టం. నా మటుకు నాకు, అవి పిల్లవాడి చొక్కాకి పెట్టి క్రీము చేతుల మధ్య తిప్పడం నచ్చదు. అట్టతో, బంగారు రంగు కాగితంతో మీవాడి చేత పద్నాలుగు మెడల్స్ చేయించండి. చివర్లో ఒక్కో పిల్లకీ ఒక్కో దానికి ఇవ్వాలి: చప్పుడు లేకుండా పాకినందుకు, ముసలమ్మని జాగ్రత్తగా మోసినందుకు, అందరికన్నా ఎక్కువ కప్పగంతులు వేసినందుకు. తాతగారు తన చేత్తో వాటిని పెడితే ఇంకేం కావాలి!

జమ్మూలో నాన్న ఉన్న పాప విషయానికి వస్తే, ముందు వాళ్ళమ్మకి ఫోన్ చేయండి. 'ఇలా ఆటలు పెడుతున్నాం, కాల్పులు, చావులు ఉండవు. పాపకి ఇబ్బందేమీ ఉండదు కదా?' అని నేరుగా అడగండి. పిలవకుండా ఉండటం, పిలిచి థీమ్ దాచడం, రెండూ తప్పే. బాంబుల సౌండ్ వద్దన్నది సగం ఆ పాప కోసమే. 2025 మేలో సరిహద్దులో ఉద్రిక్తతలు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఫోన్ మోగినా ఉలిక్కిపడే రాత్రులు గడిచి ఉంటాయి. కాబట్టి చచ్చిపోయినట్టు పడిపోయే యాక్టింగ్ ఏ ఆటలోనూ ఉండకూడదు. ఇంకో పొరపాటు మంచి మనసున్నవాళ్ళే చేస్తారు. మైకు పట్టుకుని 'వీళ్ళ నాన్న నిజం సోల్జర్, అందరూ చప్పట్లు కొట్టండి' అంటారు. ఆ పాప అడిగితే తప్ప అలా చేయకండి. ఆ రోజు అది కూడా పార్టీకి వచ్చిన పిల్లే. మిగతా పిల్లల్లాగే దానికీ కప్పగంతులు వేయాలని ఉంటుంది.

తిండికి మెనూ గురించి బుర్ర బద్దలుకొట్టుకోకండి. రెజిమెంట్‌లో ఆఫీసర్లూ జవాన్లూ కలిసి కూర్చుని తినే విందుని 'బడా ఖానా' అంటారు. మీరూ అదే పెట్టండి: నేల మీద చాపలు పరిచి, పిల్లలు, పెద్దలు, వాచ్‌మన్ కుటుంబం అందరూ ఒకే బంతిలో. పూరీ, బంగాళదుంప కూర, పులిహోర, ఒక స్వీటు. స్టీలు ప్లేట్లు, గ్లాసులు వాడండి, తిన్నాక ఎవరి ప్లేటు వాళ్ళే సింకు దాకా తీసుకెళ్ళాలని ఆర్డర్ వేయండి, ఆ రోజు మాత్రం మాట వింటారు. ఆటల మధ్యలో నోట్లో వేసుకోవడానికి శక్కర్‌పారాలు చేసి పెట్టండి, ఫౌజీలకి బాగా తెలిసిన తిండే అది. మనం తీపి మైదా బిస్కెట్లు అంటామే, అవే. మీ అత్తగారి చేతి కింద అవి ఎలా వస్తాయో మీకే తెలుసు. ఆవిడ కోపం సగం తుపాకుల మీదైతే, సగం తనని ఎవరూ ఏమీ అడగలేదని. పొద్దున తలంటి, కొత్త బట్టలు, హారతి, అక్షింతలు ఆవిడ చెప్పినట్టు జరగనివ్వండి, సాయంత్రం మీది. కేక్‌కి ముదురాకుపచ్చ ఐసింగ్ వద్దు, పిల్లల నాలుకలు, చొక్కాలు అన్నీ ఆకుపచ్చవుతాయి. మామూలు చాక్లెట్ కేక్ మీద బిస్కెట్ పొడి చల్లితే మట్టి నేల, రెండు కాగితం గుడారాలు గుచ్చితే క్యాంపు.

రిటర్న్ గిఫ్టులు విజిల్, చిన్న టార్చ్, దిక్సూచి, వీటిలో బడ్జెట్‌కి కుదిరింది ఒకటి. విజిల్ ఇస్తే మిగతా అమ్మలు మిమ్మల్ని తిట్టుకుంటారు, టార్చే మేలు. పతాక దినోత్సవం కాబట్టి ఒక డబ్బా పెట్టి, గిఫ్టు బదులు అందులో ఇష్టమైనంత వేయొచ్చని ఇన్విటేషన్‌లో రాయొచ్చు. ఆ డబ్బు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి మీవాడి చేత, తాతగారి వెంట పంపండి. మాజీ సైనికులకి, యుద్ధంలో భర్తలని పోగొట్టుకున్నవాళ్ళకి, గాయపడినవాళ్ళకి ఆ నిధి ఉపయోగపడుతుంది. ముందు మీవాణ్ణి అడగండి సుమా. గిఫ్టులు వదులుకోవడానికి వాడు ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి, ఎనిమిదేళ్ళవాడికి గిఫ్టులే పుట్టినరోజు. డబ్బా పెద్దవాళ్ళకి మాత్రమే పెట్టండి.

ఇంకా డబ్బు మిగిలితే ట్యాంకు కటౌట్ మీద కాకుండా సంక్రాంతి సెలవుల్లో వైజాగ్ ట్రిప్ మీద పెట్టండి. ఆర్కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కుర్సురా ఉంది, 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన నిజం సబ్‌మెరైన్. 2002 నుంచి మ్యూజియంగా పెట్టారు. తొంభై మీటర్ల పొడవు, లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపులో వంగి దూరాలి. మీవాడికి అదే పెద్ద అడ్వెంచర్. రోడ్డుకి అవతలే టీయూ-142 విమానం మ్యూజియం. మామగారికి మోకాళ్ళ నొప్పులుంటే సబ్‌మెరైన్ లోపలికి తీసుకెళ్ళకండి, ఆయన్ని విమానం వైపు పంపండి. సెలవు రోజుల్లో క్యూ బాగా ఉంటుంది, టైమింగ్స్ కనుక్కుని తెరవగానే వెళ్ళిపోండి.